పిల్లల దగ్గర ఫోన్లు లేకుండా డిజిటల్ ప్యానెల్‌తో అందరినీ పాఠంలో పాల్గొనేలా చేయడం ఎలా?

ప్యానెల్ మీద వీడియో వేస్తే పిల్లలు కాసేపు నోరు తెరిచి చూస్తారు. అది చూడటమే, పాల్గొనడం కాదు. ముందు బెంచీలో ఇద్దరు వచ్చి స్క్రీన్ తాకినా మిగతావాళ్లు ప్రేక్షకులే.

ప్లికర్స్ (Plickers) అనే యాప్ ప్రయత్నించండి. ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రింట్ కార్డు ఇస్తారు. దాని మీద క్యూఆర్ కోడ్‌లాంటి గుర్తు ఉంటుంది. ప్యానెల్ మీద ప్రశ్న చూపించాక, కార్డు నాలుగు అంచుల మీదున్న ఎ, బి, సి, డి లలో తన జవాబు పైకి వచ్చేలా దాన్ని తిప్పి పట్టుకోవాలి. మీ ఫోన్‌లో ఆ యాప్ తెరిచి కెమెరాను క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరేం చెప్పారో నమోదవుతుంది. ప్రతి కార్డు గుర్తూ వేరు, అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాడిది చూసి కాపీ కొట్టడం కష్టం. తప్పు చెబితే నవ్వుతారన్న టెన్షనూ తగ్గుతుంది.

అసలు కిటుకు ప్రశ్నలో ఉంది. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి చూడండి: ముందు ఎవరికి వారు జవాబివ్వాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించాలి, మళ్లీ జవాబివ్వాలి. ఉదాహరణకు, 'గోడకున్న అద్దంలో నడుము వరకే కనిపిస్తున్నారు. వెనక్కి జరిగితే కాళ్లు కూడా కనిపిస్తాయా?' చాలామంది అవుననే అంటారు, కానీ కనిపించవు. మొదటి ఓటు తర్వాత జవాబు చెప్పేయకండి. దాదాపు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితేనే చర్చ రక్తి కడుతుంది. అంతకంటే తక్కువైతే పాఠమే మళ్లీ చెప్పాలి.

కార్డులు లామినేట్ చేయిస్తే మెరుపు వల్ల స్కాన్ సరిగా కాకపోవచ్చు, మందపాటి మామూలు కాగితమే మేలు.