ఆర్గాన్ వెల్డింగ్ వచ్చిన అబ్బాయి, వాక్యూమ్ ట్యాంకుల పని

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా స్టీలు ట్యాంకులు చేసే షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి ఏడాది. సెలవులన్నీ షాపులోనే గడిపాడు, ఆర్గాన్ వెల్డింగ్‌లో చెయ్యి బాగా తిరిగింది. ఇప్పుడేమో లిక్విడ్ ఆక్సిజన్, లిక్విడ్ నైట్రోజన్ నింపే వాక్యూమ్ ట్యాంకుల కంపెనీలో చేరతానంటున్నాడు. వాళ్లమ్మ బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లమంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ పనికి భవిష్యత్తు ఉందా? పోనీ, ఆ ట్యాంకులేవో మన షాపులోనే చేసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. గుంటూరు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో పనిచేసేవారు. ఎద చూసి ఆవులకి ఇచ్చే వీర్యం స్ట్రాలని లిక్విడ్ నైట్రోజన్ కంటైనర్‌లో దాచేవాళ్లు. లోపల మైనస్ 196 డిగ్రీలు. ఆయన పొద్దున్నే వెళ్లి ముందు ఆ కంటైనర్ ఒళ్లంతా అరచేత్తో తడిమేవారు. ఒకరోజు దాని మెడ కింద చెమట పట్టింది, మధ్యాహ్నానికి అక్కడ తెల్లగా మంచు పేరుకుంది. "దీని పని అయిపోయిందిరా, గోడల మధ్యకి గాలి దూరింది" అని స్ట్రాలన్నీ వేరేదాంట్లోకి మార్చేశారు. బయటికి చూస్తే గీత కూడా లేదు.

మీ అబ్బాయి ఇష్టపడుతున్న పని మొత్తం ఆ కనపడని గాలి చుట్టూ తిరుగుతుంది. లోపల ఒక పాత్ర, బయట ఒక పాత్ర, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోంచి గాలి తోడేస్తే వేడి దాటే దారి చాలావరకు మూసుకుపోతుంది. 1892లో జేమ్స్ డ్యూయర్ చేసిన గాజు ఫ్లాస్కుదీ ఇదే సూత్రం. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తొంభై శాతం గాలి తీసేశాం కాబట్టి తొంభై శాతం పని అయిపోయింది అనుకుంటారు. కాదు. అంత తీసినా, మిగిలిన గాలి వేడిని దాదాపు మునుపటిలాగే మోస్తుంది. మామూలు గాలి ఒత్తిడి సుమారు వెయ్యి మిల్లీబార్లు. అది ఒక్క మిల్లీబార్‌లో వెయ్యో వంతుకీ, ఇంకా కిందకీ దిగితేనే అసలు లాభం. అందుకే సగం వాక్యూమ్‌కి విలువ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. గోడల మధ్య పది లీటర్ల ఖాళీ ఉందనుకుందాం. ఒక వెల్డింగ్ అతుకులోంచి ఏడాది మొత్తానికి 30 సీసీ గాలి, అంటే ఆరు చెంచాల గాలి, లోపలికి వెళ్లినా ఒత్తిడి మూడు మిల్లీబార్లకి పెరుగుతుంది. ట్యాంకు పనికిరాదు. ఇంత చిన్న లీకు సబ్బు నురగ పెట్టి చూస్తే కంటికి ఆనదు. లోపల వాక్యూమ్ పెట్టి, బయట అతుకు వెంట సన్నటి గొట్టంతో హీలియం చల్లుతూ పోతారు. ఎక్కడైనా సూది మొనలో వెయ్యో వంతు సందు ఉన్నా, ట్యాంకుకి తగిలించిన హీలియం పసిగట్టే మిషన్ ముల్లు కదులుతుంది. గాలిలో హీలియం పది లక్షల్లో ఐదు పాళ్లే ఉంటుంది కాబట్టి ముల్లు కదిలిందంటే లీకు ఉన్నట్టే.

భవిష్యత్తు గురించి అడిగారు. 2021 మేలో ఆక్సిజన్ ట్యాంకర్ కోసం ఆసుపత్రుల ముందు మనం ఎలా ఎదురుచూశామో మర్చిపోలేం. ఆ ట్యాంకర్లు ఇవే. మైనస్ 162 డిగ్రీల ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువు, రోడ్డు మీద తిరిగేదీ వీటిలోనే. మన రాకెట్ల క్రయోజెనిక్ (అతి చల్లటి ఇంధనంతో నడిచే) ఇంజిన్‌కి కావలసిన లిక్విడ్ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది, దాన్నీ ఇలాంటి గోడల మధ్యే పట్టి ఉంచాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కి (పరమాణు కేంద్రకాలని కలిపి శక్తి పుట్టించే ప్రయోగం) క్రయోస్టాట్ అనే భారీ వాక్యూమ్ పాత్ర భాగాలు గుజరాత్ హజీరాలో ఎల్ అండ్ టీ చేసింది. ఉప్పు గాలి, ఎండ, రోడ్డు కుదుపులు, ఏళ్ల తరబడి వాడకం, వీటన్నిటికీ తట్టుకోవాలంటే గట్టి లోహపు గోడలే కావాలి. ఈ పని మన దేశంలో జరుగుతోంది, ఇంకా పెరుగుతుందనే నా నమ్మకం.

మీ షాపులో చేయవచ్చా అంటే, ఇప్పుడే వద్దు. హీలియం లీక్ డిటెక్టర్, పంపులు లక్షల్లో ఖర్చు. పైగా ఒత్తిడితో ఉండే గ్యాసు ట్యాంకు చేసి అమ్మాలంటే పేలుడు పదార్థాలు, గ్యాసు ట్యాంకుల భద్రత చూసే నాగ్‌పూర్‌లోని పెసో అనే ప్రభుత్వ సంస్థ అనుమతులు, 2016 నాటి నిబంధనలు ఉన్నాయి. కానీ మీ షాపులో అబ్బాయి నేర్చిందేదీ వృథా కాదు. మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ చక్రాన్ని స్టెయిన్‌లెస్‌కి తగలనివ్వకూడదని మీరు వాడికి ఎప్పుడో చెప్పి ఉంటారు. అక్కడ ఆ పద్ధతి పదింతలు కఠినం. వేలిముద్ర జిడ్డు కూడా లోపల ఆవిరై వాక్యూమ్‌ని పాడుచేస్తుంది. చేతికి గ్లవ్స్, అతుకు వెనకవైపు కూడా ఆర్గాన్, తర్వాత వేడి చేసి లోహంలో దాగిన తేమ వదిలించడం, ఆ తర్వాతే సీలు. లోపల వాక్యూమ్ ఉన్నప్పుడు బయటి గాలి ఒక చదరపు అడుగు రేకుని దాదాపు 960 కిలోల బరువుతో నొక్కుతుంది. రేకు మందం, ఆకారం దాన్నిబట్టే ఉంటాయి.

నా సలహా ఇది. డిప్లొమా మంచి మార్కులతో పూర్తి చేయనివ్వండి, మధ్యలో ఉద్యోగం పేరుతో వదిలేయనివ్వకండి. తర్వాత ఒక ఏడాది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ద్వారా ఇలాంటి కంపెనీలోనే చేరమనండి. గూడూరు దాటాక తడ దగ్గర శ్రీసిటీలో క్రయోజెనిక్ ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది, మన రాష్ట్రంలోనే. అక్కడ వెల్డింగ్‌లోనే ఉండిపోకుండా లీక్ టెస్టింగ్‌లో కూర్చోబెట్టమని అడగాలి. చేతికీ చదువుకీ రెండిటికీ పని అక్కడే దొరుకుతుంది. వెల్డర్ ఎక్కడ తప్పు చేస్తాడో తెలిసిన టెస్టర్ అరుదు, మీవాడు అలాంటివాడు అవుతాడు. తర్వాత డిప్లొమా వాళ్లకోసం ఉండే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ మెకానికల్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అప్పుడు వాళ్లమ్మ కోరిన బీటెక్ కూడా అవుతుంది. ఇంకా చదవాలనిపిస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో క్రయోజెనిక్ ఇంజినీరింగ్ కోసమే ఒక సెంటర్ ఉంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడికంటే తక్కువే ఉంటుంది, నైట్ షిఫ్టులుంటాయి. ముందే చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను.

ఇంకో మాట అమ్మగారికి. లిక్విడ్ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గిపోయి, వాసన కూడా లేకుండా మనిషి పడిపోతాడు. అందుకే చేరే చోట ఆక్సిజన్ మీటర్ ఉందా, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వులు ఎప్పుడు పరీక్షిస్తారు అని అబ్బాయి మొదటి రోజే అడగాలి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

ఈ ఆదివారం ఒక పని చేయించండి. ఇంట్లో వేడి నిలపని పాత స్టీలు ఫ్లాస్కు ఏదైనా ఉంటే మరుగు నీళ్లు పోసి బయట తడమమనండి. ఒళ్లంతా వేడెక్కితే వాక్యూమ్ పోయినట్టు. నీళ్లు పారబోసి, ఆరిన తర్వాత, షాపులో దాన్ని నిలువునా రెండుగా కోయమనండి. లోపలి గోడ ఎలా ఉంది, అడుగున సీలు ఎక్కడ వేశారు, అతుకుల్లో ఎక్కడ తేడా ఉంది, ఫొటోలు తీసి తనే నాకు రాయమనండి.