కథగా చెప్పాలా, తత్త్వంగా చెప్పాలా?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆదివారాలు గుడిలో పిల్లలకు భాగవతం చెప్పడానికి ఒప్పుకున్నావని అక్కయ్య ఫోను చేసి చెప్పింది. చాలా సంతోషం. "ఇవన్నీ నిజంగా జరిగాయా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి మామయ్యా?" అని రాశావు కదా, నాకు తెలిసినది రాస్తున్నాను.

వేదవాక్యాలకు అర్థం ఎలా తేల్చాలో విచారించిన మన మీమాంసకులు దీనికి ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. మాటకు నేరుగా వచ్చే అర్థానిదే మొదటి హక్కు. అది పొసగనప్పుడే లక్షణార్థం వైపు, అంటే దానితో సంబంధమున్న మరో అర్థం వైపు వెళ్లాలి. "గంగలో గొల్లపల్లె" అంటే ప్రవాహం మీద ఊరు నిలవదు కాబట్టి గంగ ఒడ్డున పల్లె అని తీసుకుంటాం. శంకరాచార్యులైతే గీత 18వ అధ్యాయ భాష్యంలో ఇంకా గట్టిగా చెప్పారు. నిప్పు చల్లనిదని నూరు శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అది ప్రమాణం కాదు, ఒకవేళ అలా చెబితే వేరే అర్థం ఉద్దేశించిందని ఊహించుకోవాలి అన్నారు. అందుకే, ప్రతీకగా చదవడం ఈ కాలపు వాళ్లు కనిపెట్టిన తప్పించుకునే దారి అని ఎవరైనా అంటే జంకకు.

అయితే ప్రతీక అని గ్రంథమే చెప్పిన చోటు వేరు, మనం అనుకున్న చోటు వేరు. ఈ తేడా పిల్లలకు తెలియాలి. నాలుగో స్కంధంలోని పురంజనోపాఖ్యానంతో మొదలుపెట్టు. పురంజనుడనే రాజు తొమ్మిది ద్వారాల పట్టణంలో చేరి, ఒక సుందరిని పెళ్లాడి, తన పాత మిత్రుణ్ణి మరిచిపోతాడు. చండవేగుడు 360 మంది గంధర్వులతో, అంతమంది గంధర్వ స్త్రీలతో వచ్చి ఆ పట్టణాన్ని దోచుకుంటాడు. కథంతా అయ్యాక నారదుడే, దాన్ని విన్న ప్రాచీనబర్హి మహారాజుకు విప్పి చెబుతాడు: పురంజనుడు జీవుడు, పట్టణం దేహం, సుందరి బుద్ధి, మరిచిపోయిన మిత్రుడు ఈశ్వరుడు, చండవేగుడు సంవత్సరం, ఆ గంధర్వులూ వారి స్త్రీలూ పగళ్లూ రాత్రులూ. ఆ వివరణ నువ్వు ముందే చెప్పేయకు. కథ వినిపించి, తొమ్మిది ద్వారాలు ఎక్కడున్నాయో పిల్లలనే వెతకమను. రెండు కళ్లు, రెండు చెవులు, రెండు ముక్కుపుటాలు, నోరు అంటూ ముఖం మీదే ఏడు దొరికేసరికి వాళ్ల కళ్లు ఎలా వెలుగుతాయో చూడు.

గజేంద్ర మోక్షం అలాంటిది కాదు. ఏనుగు జీవుడు, మొసలి సంసారం అని చాలామంది చెబుతారు. మంచి భావనే. కానీ గ్రంథం చెప్పింది మాత్రం ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు, మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు అని. కాబట్టి "ఇది పెద్దలు చేసుకున్న భావన" అని విడిగా చెప్పు. ఆ భావన కూడా పద్యం తర్వాతే. "లావొక్కింతయు లేదు" అని ఏనుగు మొరపెట్టుకుంటున్నప్పుడు పిల్లలకు ఆ మడుగు, ఆ పట్టు, సడలిపోతున్న కాళ్లు కనిపించాలి. మధ్యలో తత్త్వం దూర్చితే పోతన పడ్డ శ్రమంతా వృథా.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. రేపు రామాయణం కూడా చెప్పమంటారు. ఉత్తరకాండలో శంబూక వధ వస్తుంది. శంబూకుడంటే తమోగుణం, ఖడ్గమంటే జ్ఞానం అని సర్దేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చేయవద్దు. శూద్రుడు తపస్సు చేసినందుకు తల నరికారని అక్కడ స్పష్టంగా ఉంది. నేరుగా వచ్చే అర్థం పొసగక కాదు, మనకు సిగ్గుగా ఉండి కదా దాన్ని మారుస్తున్నాం! ఉత్తరకాండ తర్వాత చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం, అది చెప్పు. ఈ ఘట్టం నాకు సమ్మతం కాదని కూడా చెప్పు. ఒకప్పుడు తాతలను గుడి గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలు కూడా నీ ఎదుట కూర్చుంటారమ్మా. వాళ్ల ముందు మాటలు మార్చి దాటవేయడం పాపం.

ఫలశ్రుతుల గురించి, అంటే కథ వింటే ఈ ఫలం వస్తుందని చెప్పే మాటల గురించి తల్లిదండ్రులు అడుగుతారు. గజేంద్ర మోక్షం వింటే దుస్స్వప్నాలు పోతాయని గ్రంథంలోనే ఉంది. వినడానికి ఉత్సాహపరిచే ప్రశంస అది, మీమాంసకులు దాన్ని అర్థవాదం అంటారని చెప్పు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి మాత్రం డాక్టరు దగ్గరికే పంపు.

"నిజంగా జరిగిందా" అని అడిగిన పిల్లవాడికి ముందు గ్రంథంలో ఏముందో చెప్పు, తర్వాత నువ్వు ఏం నమ్ముతున్నావో చెప్పు. ఆపైన నువ్వేమంటావని వాణ్ణి అడుగు. వాడు కాదంటే తరగతిలోంచి లేపకు. వచ్చే వారం కూడా ముందు వరుసలోనే కూర్చోబెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య