యాంటీఆక్సిడెంట్ మాత్రలతో కణాలకు రక్షణ దొరుకుతుందా? మా మేనల్లుడి విషయంలో చూసింది చెప్తాను

కణంలో పెరాక్సైడ్ లాంటి హానికర పదార్థాలు మితిమీరడమనే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని కణాలు ఎలా తట్టుకుంటాయి, రోజూ విటమిన్ సి మింగితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. కణాన్ని అసలు కాపాడేది అది తనలో తాను తయారుచేసుకునే, వాడైపోయిన రక్షక పదార్థాలను మళ్లీ పనికొచ్చేలా చేసే అణువు ఎన్‌ఏడీపీహెచ్. అది తగ్గితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం వైపు. వానలు పడ్డాక ఇక్కడ చలిజ్వరాలు మామూలే. మా అక్క కొడుక్కి వైవాక్స్ మలేరియా అని తేలితే, కాలేయంలో దాక్కున్న క్రిమి కూడా పోవాలని 14 రోజుల ప్రైమాక్విన్ కోర్సు రాశారు. మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే మూత్రం కోలా రంగుకి తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అక్క కామెర్లనుకుని పసరు మందు పోయించడానికి బయల్దేరుతుంటే ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ముందు ఆ మాత్ర ఆపించారు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయి, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉండొచ్చు అన్నారు.

లోపల జరిగేది ఇది. కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి, కొద్దిపాటిగా ఉంటే కణానికి సంకేతాలుగా పనికొస్తాయి కూడా, కాబట్టి పూర్తిగా తుడిచేయడం ఏ కణానికీ అక్కర్లేదు. మోతాదు మించినప్పుడు గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం వాటిని నీరుగా మార్చి తాను ఆక్సీకరణం చెందుతుంది. దాన్ని మళ్లీ పనికొచ్చే రూపంలోకి తేవాలంటే ఎన్‌ఏడీపీహెచ్ కావాలి. మామూలు కణాలకు ఇంకో దారి కూడా ఉంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ని కీప్1 అనేది పట్టి ఉంచి ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంటుంది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరగగానే ఆ పట్టు సడలి, ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీ ఎంజైముల జన్యువులను మేల్కొలుపుతుంది.

ఎర్ర రక్తకణానికి ఆ అవకాశం లేదు. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు. పుట్టేటప్పుడు కట్టుకొచ్చిన చద్దిమూటతోనే సుమారు 120 రోజులు గడపాలి. ఎన్‌ఏడీపీహెచ్‌కి దానికున్న ఒకే ఒక్క దారి గ్లూకోజ్ నుంచి జీ6పీడీ ఎంజైము మీదుగా వచ్చేది. ఆ ఎంజైము బలహీనంగా ఉన్నవాళ్లు ప్రైమాక్విన్ వేసుకుంటే, ఆ మందు వల్ల పెరాక్సైడ్ లాంటివి పెరిగి గ్లూటాథయోన్ అయిపోతుంది, హిమోగ్లోబిన్ చెడి ముద్దలు కట్టి పొరకు అంటుకుంటుంది, కణం పగులుతుంది. మూత్రంలో కనిపించిన ఆ రంగు హిమోగ్లోబిన్‌దే.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఆ సమయంలోనే జీ6పీడీ టెస్టు చేయిస్తే మా మేనల్లుడికి నార్మల్ వచ్చింది. ఎంజైము తక్కువున్న పాత కణాలు పగిలిపోయి, ఎక్కువున్న కొత్త కణాలు మిగలడం వల్ల అలా వస్తుందట. మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తేనే లోపం బయటపడింది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అందుకే మగపిల్లల్లో ఎక్కువ. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లోనే ఈ లోపం ఎక్కువ కనిపించడం కూడా యాదృచ్ఛికం కాదు, ప్రాణాంతక మలేరియా నుంచి ఇది కొంత రక్షణ ఇస్తుంది.

ఇక మీ విటమిన్ సి సంగతి. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు దాన్ని పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే అదే పెరాక్సైడ్ పుట్టించి కణాలను పగలగొడుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా మలేరియా మందులు పడ్డాక మూత్రం నల్లబడిన చరిత్ర ఉంటే, ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందే డాక్టరుకి చెప్పి జీ6పీడీ టెస్టు అడగండి. లోపం ఉందని తేలినా భయపడి మందు ఎగ్గొట్టొద్దు, వైద్యుల పర్యవేక్షణలో వారానికొకసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉంది.