సీటు కంటే ముందు ఇంజిన్ చూడు

తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. ఫార్ములా వన్ డ్రైవర్లందరినీ ఒక్కొక్కరిగా తీసుకుని ఎవరికి ఎవరితో పడట్లేదో, ఎవరి మేనేజర్ ఎవరితో మాట్లాడుతూ కనిపించాడో, ఎవరు ఎప్పుడు ఏ జట్టుకి మారొచ్చో చాలా ఓపిగ్గా రాశావు. వాక్యం చదివిస్తుంది. కానీ చివరి పేరాకి వచ్చేసరికి "ఇంజిన్ల సంగతి మరోసారి చూద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ వాక్యం లేకపోతే ఈ ఉత్తరం కూడా ఉండేది కాదు.

ఏ జట్టుకి ఏ ఇంజిన్ రాబోతోంది, ఆ ఒప్పందం ఎప్పటిదాకా ఉంది, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు అన్నది తేలకుండా డ్రైవర్ల బదిలీల గురించి ఊహించడమంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. నేను ఇన్నేళ్లుగా అందరితోనూ పోట్లాడుతున్నది ఈ ఒక్క విషయం మీదే. నీతో కూడా పోట్లాడతాను.

2017 సెప్టెంబర్ 15న సింగపూర్‌లో ఏం జరిగిందో తెలుసా? మెక్‌లారెన్ అప్పటికి మూడో ఏడాది హోండా ఇంజిన్‌తో నానా అవస్థలూ పడుతోంది. 2015లో సుజుకాలో, అంటే హోండా సొంత సర్క్యూట్‌లోనే, మెక్‌లారెన్ డ్రైవర్ అలొన్సో రేడియోలో "జీపీ2 ఇంజిన్" అని, అంటే కింది తరగతి రేసుల ఇంజిన్ అని, అరిచాడు. ఆ తర్వాత రెండేళ్లయినా బాధ తీరలేదు. మెక్‌లారెన్ చూపు రెనో ఇంజిన్ మీద పడింది. అయితే హోండాకి ఇంకో జట్టు దొరక్కపోతే ఆ కంపెనీ ఫార్ములా వన్ వదిలి వెళ్లిపోయే పరిస్థితి, అది ఎవరికీ ఇష్టం లేదు. హోండాని రెడ్‌బుల్ వాళ్ల రెండో జట్టు టోరో రోసో తీసుకుంటానంది. కానీ టోరో రోసోకి అప్పటికే రెనోతో కాంట్రాక్టు ఉంది. రెనో ఆ కాంట్రాక్టుని ఊరికే వదులుకుంటుందా? దానికి బదులు ఇంకేదో కావాలి. ఆ బదులు పేరు కార్లోస్ సైంజ్, అప్పటి టోరో రోసో డ్రైవర్.

నాలుగు జట్లు, రెండు ఇంజిన్ కంపెనీలు. ప్రకటనలన్నీ ఒకే రోజు వచ్చాయి. సైంజ్ రెడ్‌బుల్ మనిషి. అతన్ని అప్పు మీద రెనో సొంత జట్టుకి పంపారు. 2018 నుంచి అనుకున్నది, చివరికి అదే ఏడాది అక్టోబర్‌లో ఆస్టిన్ రేసుకే పసుపు రంగు కారులో కూర్చున్నాడు. ఆ వేసవిలో సైంజ్ గురించి వచ్చిన రాతలు వెతికి చూడు. రెడ్‌బుల్‌లో పైకెళ్లే దారి లేక చిరాకు పడుతున్నాడని అన్నీ మనస్తత్వ విశ్లేషణలే. చిరాకు నిజమే కావచ్చు. తలుపు తెరిచింది మాత్రం ఆ చిరాకు కాదు, హోండా.

ఆ శుక్రవారం రాత్రి నేనొక వ్యాసం రాశాను, మొదటి వాక్యమే హోండాతో మొదలుపెట్టి. అప్పుడు నేను రాస్తున్న పత్రికలో ఎడిటర్ "హోండా అంటే జనం బైకు అనుకుంటారండీ, అలొన్సోని పైకి లాగండి" అన్నాడు. లాగేశారు. సైంజ్ పేరా జాగా లేదని కొట్టేశారు, అలొన్సో ఫోటోకి మాత్రం అరపేజీ జాగా దొరికింది. మర్నాడు పాఠకుల ఉత్తరాలన్నిట్లో ఒకటే ప్రశ్న, మెక్‌లారెన్ ఇంజిన్ మారితే సైంజ్ ఎందుకు మారాడని. జవాబు నా ప్రతిలో ఉంది, పేజీలో లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఇంజిన్ అంటే పాఠకుడికి విసుగని ఎడిటర్లే ముందు తీర్మానించేస్తారు. పాఠకుడిని ఒక్కరూ అడగరు. నువ్వు కూడా ఎవరూ కొట్టేయకముందే నీ అంతట నువ్వే కొట్టేసుకోవడం చూసి మరింత బాధేసింది.

వెనక కవర్ తీసేసిన ఫార్ములా వన్ కారు ఫోటో ఎప్పుడైనా దగ్గరగా చూడు. డ్రైవర్ కూర్చునే కార్బన్ ఫైబర్ తొట్టి ఉంటుంది కదా, దాని వెనక గోడకే ఇంజిన్‌ని నేరుగా బోల్టులతో బిగిస్తారు. దాన్ని మోయడానికి కింద వేరే ఫ్రేమ్ ఏమీ ఉండదు. ఇంజిన్‌కి గేర్‌బాక్స్, గేర్‌బాక్స్‌కి వెనక సస్పెన్షన్. అంటే ఇంజిన్ కూడా కారు అస్థిపంజరంలో భాగమే. అది మారితే రేడియేటర్ల సైజు, ఆయిల్ ట్యాంకు చోటు, ఎగ్జాస్ట్ దారి, బాడీ వెనక ఆకారం అన్నీ మారాలి. వచ్చే ఏడాది కారు గీయడం ఈ ఏడాది మధ్యలోనే మొదలవుతుంది కాబట్టి ఇంజిన్ ఏదన్నది అప్పటికే తేలిపోవాలి. డ్రైవర్ని మార్చడం అలా కాదు. అతని ఒంటికి సరిపడా కొత్త సీటు పోత పోస్తారు, పెడల్స్ సర్దుతారు, వారంలో పని అయిపోతుంది. ఆలస్యంగా మార్చగలిగేది డ్రైవర్ని, ముందే ఖాయం చేసుకోవాల్సింది ఇంజిన్‌ని. మరి ఊహించేవాడు ఎటువైపు నుంచి మొదలుపెట్టాలి?

2009లో బ్రాన్ జట్టు సంగతి చెబుతావేమో. 2008 డిసెంబర్‌లో ఆ జట్టు యజమాని హోండా తప్పుకుంది, ఆఖరి నిమిషంలో మెర్సిడెస్ ఇంజిన్ పెట్టారు, అయినా డ్రైవర్ టైటిల్, జట్టు టైటిల్ రెండూ గెలిచారు కదా అని. నిజమే, ఛాసీని, అంటే కారు చట్రాన్ని, కోసి మరీ పట్టించారు. ఆ గెలుపులో కారుని నేలకి అదిమిపెట్టే డబుల్ డిఫ్యూజర్ పాత్ర పెద్దదే. కానీ డ్రైవర్లు ఎవరు? బటన్, బారికెల్లో. ముందు ఏడాది చివరి వరుసల్లో తిరిగిన మనుషులే మెల్‌బోర్న్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. మారింది మనుషులు కాదు, కింద ఉన్న కారు.

హామిల్టన్ 2012 సెప్టెంబర్‌లో మెక్‌లారెన్ వదిలి మెర్సిడెస్‌కి వెళ్తున్నట్టు ప్రకటించినప్పుడు, డబ్బు కోసమే వెళ్తున్నాడని ఎంతమంది రాశారో! ఆ ఏడాది మెర్సిడెస్ గెలిచింది ఒక్క రేసు, చైనాలో రోస్‌బర్గ్ గెలిచింది. మెక్‌లారెన్‌దేమో గెలిచే కారు. కానీ 2014లో వీ8 పోయి 1.6 లీటర్ టర్బో హైబ్రిడ్ వస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. ఆ ఇంజిన్‌ని సొంతంగా తయారుచేసుకుంటున్నది మెర్సిడెస్, దాన్ని కొనుక్కునేది మెక్‌లారెన్. టర్బోలోని టర్బైన్‌ని ఇంజిన్‌కి ఒక చివర, కంప్రెసర్‌ని ఇంకో చివర పెట్టాలన్న ఆలోచన మెర్సిడెస్ వాళ్లదే. తన ఇంజిన్ చుట్టూ తన కారుని గీసుకునే సౌకర్యం కొనుక్కునేవాడికి ఉండదు. 2014లో 19 రేసుల్లో 16 మెర్సిడెస్ గెలిచింది. హామిల్టన్ అక్కడ ఆరు టైటిళ్లు కొట్టాడు. 1988లో సెన్నా లోటస్ నుంచి మెక్‌లారెన్‌కి మారిన ఏడాదే హోండా కూడా విలియమ్స్ నుంచి మెక్‌లారెన్‌కి వచ్చింది. 16 రేసుల్లో 15 గెలిచారు. హోండా పోయిన విలియమ్స్‌కి ఆ ఏడాది ఒక్క గెలుపూ లేదు.

మరి 2024లో, 2025లో మెక్‌లారెన్ కొనుక్కున్న మెర్సిడెస్ ఇంజిన్‌తోనే జట్లకిచ్చే కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ ఎలా గెలిచిందంటావు. మంచి ప్రశ్న, నీ వ్యాసంలో ఉండాల్సిన ప్రశ్న. 2022 నుంచి ఇంజిన్ల అభివృద్ధిని ఆపేశారు. అందరి ఇంజిన్లూ దాదాపు ఒకే స్థాయికి వచ్చి ఆగిపోయాయి కాబట్టి ఛాసీ గీసేవాళ్ల బుర్రకి విలువ పెరిగింది. అలాంటి ఏడాదుల్లో డ్రైవర్ ఇంజిన్ గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. నిబంధనలు మారే ముందు ఏడాది కథ పూర్తిగా వేరు. 2026 నిబంధనల్లో ఎగ్జాస్ట్ వేడి నుంచి కరెంటు తీసే ఎంజీయూ-హెచ్ పోయింది, ఎలక్ట్రిక్ మోటార్ శక్తి 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. అంత పెద్ద మార్పు ముందున్నప్పుడు ఏ డ్రైవర్ అయినా తన మేనేజర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఏమై ఉంటుందో ఆలోచించు.

2026లో ఇంజిన్ తయారీదారులు ఐదుగురు, జట్లు 11, సీట్లు 22. మెర్సిడెస్ ఒక్కటే నాలుగు జట్లకి ఇస్తోంది. తమ జట్టు, మెక్‌లారెన్, విలియమ్స్, ఇంకా రెనో సొంత ఇంజిన్ మానేశాక ఆల్పైన్. రసెల్‌ని మెర్సిడెస్ మూడేళ్లు విలియమ్స్‌లో ఉంచింది, లెక్లెర్‌ని ఫెరారీ సౌబర్‌లో పెట్టింది, బేర్‌మన్‌ని హాస్‌లో పెట్టింది. మూడు చోట్లా ఇంజిన్ ఎవరిదో చూసుకో. కుర్ర డ్రైవర్ల దారి చాలాసార్లు ఇంజిన్ బిల్లు వెంటే నడుస్తుంది.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన చోటు సునోడా గురించి రాసిన పేరా. హోండా స్కూల్లో పెరిగిన కుర్రాడు, రెడ్‌బుల్ కారులో తొలి రేసు సుజుకాలోనే నడిపాడు, ఏడాది తిరక్కుండా రిజర్వ్ డ్రైవర్ అయిపోయాడు. ఆ బాధని నువ్వు బాగా పట్టుకున్నావు. కానీ హోండా సరిగ్గా ఆ ఏడాదితోనే, అంటే 2025తోనే, రెడ్‌బుల్‌ని వదిలి ఆస్టన్ మార్టిన్‌కి వెళ్లిపోయిందని ఎందుకు రాయలేదు? అతని ఫలితాలు బాగోలేవు, అదీ కారణమే. అయినా వెనక నిలబడ్డ కంపెనీ ఇంట్లోంచి వెళ్లిపోతున్నప్పుడు అతని పరిస్థితేమిటో పాఠకుడికి తెలియాలి కదా. ఆ ఒక్క వాక్యం చేరిస్తే పేరా రెట్టింపు బరువు తూగేది.

నేను మొదలుపెట్టిన రోజుల్లో జట్లు ఉండే పాడాక్‌లోకి వెళ్లే పాసు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఫోన్ చేసి అడగడానికి ఒక్క మనిషీ లేడు. ఒక రూళ్ల పుస్తకంలో ఎడమ పేజీలో ఇంజిన్ ఒప్పందాల ప్రకటనలు, కుడి పేజీలో డ్రైవర్ల ప్రకటనలు తేదీలతో రాసుకునేవాణ్ని. అర్ధరాత్రి దాకా వాటి మధ్య పెన్సిల్ గీతలు గీసేవాణ్ని. ఇప్పటికీ ఆ అలవాటు మానలేదు. 2018 జూన్‌లో ఎడమ పేజీలో "రెడ్‌బుల్ 2019 నుంచి హోండా" అని రాసుకున్నాను. ఆగస్టులో కుడి పేజీలో "రికియార్డో రెనోకి". అతను రెడ్‌బుల్ వదిలి వెళ్లడానికి వేరే కారణాలూ ఉన్నాయి, జట్టు తన సహచరుడు వెర్‌స్టాపెన్ చుట్టూ తిరగడం మొదలైంది. అయినా మూడేళ్లుగా పేలుతున్న ఇంజిన్‌ని నమ్మి సంతకం పెట్టాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. 2021లో వెర్‌స్టాపెన్ అదే హోండాతో ఛాంపియన్ అయ్యాడు. డ్రైవర్ లెక్క తప్పినా అది ఇంజిన్ లెక్కే.

హామిల్టన్ ఫెరారీకి వెళ్లిన చోట మనసే ముందు నడిచిందని నువ్వంటే ఒప్పుకుంటాను. అయినా గుర్తుపెట్టుకో, అతను వెళ్లింది సొంత ఇంజిన్ చేసుకునే జట్టుకే.

ఇక "విశ్వసనీయ వర్గాల సమాచారం", "80 శాతం ఖాయం" లాంటివి తీసెయ్. ఆ శాతం ఎవరు కొలిచారు? ఈమధ్య ఇదొక ఫ్యాషన్ అయింది, అంకె వేస్తే వార్తలా కనబడుతుందని. పుకారు బయటికొస్తే ఎవరికి లాభమో అడుగు. కాంట్రాక్టు బేరం మధ్యలో ఉన్న మేనేజర్‌కి పక్క జట్టు పేరు పేపర్లో రావడం ఎంత ఉపయోగమో నీకు తెలియనిది కాదు. సంతకాల సంగతికొస్తే 2022లో పియాస్ట్రీ తమ డ్రైవరని ఆల్పైన్ అధికారికంగా ప్రకటించాక కూడా కాంట్రాక్టు తగాదాలు తేల్చే కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు మెక్‌లారెన్ వైపు తీర్పిచ్చింది. జట్టు ప్రకటనే నిలవనప్పుడు నీ "వర్గాలు" ఎంత?

ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంత అడగాలి అని కూడా రాశావు. అవి తర్వాత.

నీ వ్యాసం చివర 22 సీట్ల పట్టిక ఉంది కదా. డ్రైవర్ పేరుకి ముందు మూడు గళ్లు చేర్చు. ఆ జట్టు ఇంజిన్ ఎవరిది, ఆ ఒప్పందం ఎప్పటిదాకా, ఆ డ్రైవర్‌కి ఆ కంపెనీతో సంబంధం ఏమైనా ఉందా. తెలియని గడి ఖాళీగా వదిలెయ్, "వర్గాల"తో నింపకు. నింపాక నీ ఊహల్లో ఎన్ని మిగులుతాయో చూసుకుని, మిగిలినవాటితో వ్యాసం మొదటి నుంచి రాయి. సునోడా పేరా మాత్రం ముట్టుకోకు, నేను చెప్పిన ఒక్క వాక్యం చేర్చు చాలు. పూర్తవగానే పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్న