ఆ అట్టపెట్టె ముందు విప్పు

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని పొద్దున్నే కాఫీ తాగి తీరిగ్గా రాస్తున్నాను. నువ్వు యంగ్ అడల్ట్ నవలలు, అదే టీనేజీ వాళ్ల కోసం రాసేవి, చదువుతావని తెలిసి మీ లెక్చరర్ క్లాసులో అందరి ముందూ "ఇంకా చిన్నపిల్లల పుస్తకాలేనా" అన్నారని, ఆ ఉక్రోషంలో వాటన్నిటినీ అట్టపెట్టెలో సర్దేసి అటక మీద పెట్టించావని, నవీన్ గారి అంపశయ్య నవల మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నలభయ్యో పేజీ దగ్గరే ఆపేశావని రాశావు. ముందు ఆ పెట్టె దింపించి విప్పు. మీ లెక్చరర్ అన్న మాట తప్పు. ఒకటి వదిలేస్తేనే రెండోది వస్తుందనుకోవడం ఇంకా పెద్ద తప్పు.

నువ్వు ఇంటర్‌లో ఉండగా ది బుక్ థీఫ్ నా చేతిలో పెట్టి, చదివేదాకా ఊరుకోలేదు, గుర్తుందా? ఆ కథ చెప్పేది మృత్యువు. మధ్యమధ్యలో కథ ఆపి తన మాటలు తను చెప్పుకుంటుంది, ఎవరు చనిపోతారో ముందే చెప్పేస్తుంది, కాలాన్ని వెనక్కీ ముందుకీ తిప్పుతుంది. నాకు మొదట్లో కాస్త ఇబ్బందయింది కానీ నువ్వు మాత్రం కష్టమని ఒక్కసారి కూడా అనలేదు, అందులో పిల్ల లీజెల్‌కి ఏమవుతుందోనన్న బెంగతో చదువుకుంటూ పోయావు. అదే పుస్తకం ముందు ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల నవలగా వచ్చింది, తర్వాత అమెరికాలో యంగ్ అడల్ట్ నవలగా అమ్మారు. లోపలి కథ మారలేదు, షాపులో పెట్టిన అర మారింది అంతే. అలాంటి మెలికల కథనం అరిగించుకున్నదానివి, ఒక కుర్రాడి ఒక్కరోజు చదవడానికి ఎందుకమ్మా భయం?

నువ్వెక్కడ ఆగిపోతున్నావో నాకు తెలుసు, ఎందుకంటే నీ వయసులో నేనూ అక్కడే ఆగాను. తర్వాత ఏం జరుగుతుందా అని చూస్తున్నావు. అంపశయ్యలో రవికి యూనివర్సిటీ హాస్టల్లో ఒక రోజు గడుస్తుంది, బయట జరిగేది తక్కువ, వాడి తలలో జరిగేది ఎక్కువ. చైతన్య స్రవంతి అని పరీక్షలో రాస్తారే, అదే. నువ్వు ఇన్నాళ్లూ నీకిష్టమైన నవలలు ఎలా చదివావో అలాగే దీన్నీ చదువు. వీడికి ఇప్పుడు ఏం కావాలి, దేనికి సిగ్గుపడుతున్నాడు, ఎవరి ముందు చిన్నబోతున్నాడు అని ప్రతి పేజీలో అడుగు. మనిషి పక్కన కూర్చుని చదవడం నీకు ఆ పెట్టెలో ఉన్న పుస్తకాలే నేర్పాయి.

నా మాట విని ఈసారి అంపశయ్యతో పాటు ది అవుట్‌సైడర్స్ కూడా మళ్లీ తియ్యి. అవుట్‌సైడర్స్ 1967లో వచ్చింది, అంపశయ్య 1969లో. అవుట్‌సైడర్స్ రాసిన అమ్మాయి హింటన్ పదిహేనేళ్లకు రాయడం మొదలుపెట్టి, పుస్తకం అచ్చయ్యేటప్పటికి పద్దెనిమిదేళ్లది, నీకంటే చిన్నది. అక్కడ పద్నాలుగేళ్ల పోనీబాయ్, ఇక్కడ రవి. ఇద్దరికీ డబ్బు లేకపోవడం అనేది జేబులో కంటే మనసులో ఎక్కువ బాధ. ఒకరి దగ్గర అది వీధి కొట్లాటగా బయటికొస్తుంది, ఇంకొకరి దగ్గర లోపలే సుడి తిరుగుతుంది. పక్కపక్కన పెట్టి చూడు, రెండూ ఒకదాన్నొకటి విప్పి చూపిస్తాయి.

ఇంకోటి చెప్పాలి. పోనీబాయ్, జానీ ఊరొదిలి పాడుబడ్డ చర్చిలో దాక్కున్నప్పుడు ఏం చేస్తారు? గాన్ విత్ ద విండ్ కొనుక్కుని పోనీబాయ్ పైకి చదువుతుంటే జానీ వింటాడు. చదువు రాదని స్కూల్లో అందరూ అనుకునే జానీకే ఆ పెద్ద నవలలో కొన్ని విషయాలు పోనీబాయ్ కంటే బాగా అందుతాయి. నేనా చోట చాలాసేపు ఆగిపోయాను. నువ్వు కూడా అంపశయ్య పైకి చదువు. మీ నాన్నమ్మ కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని చదువు. కంటికి గజిబిజిగా అనిపించే వాక్యం నోటితో చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పేస్తుంది.

పొద్దున లేవగానే ఫోన్ ముట్టుకోకముందు కష్టమైనది పది పేజీలు, అంతే, పదకొండో పేజీ వద్దు. యంగ్ అడల్ట్ నవల బస్సులోకి, రాత్రికి. గుంటూరు నుంచి మా ఇంటికి వచ్చేటప్పుడు ఆ గంటన్నర దానిదే. తారుమారు చేశావంటే, ఆ నవలలకి చివరిదాకా లాక్కెళ్లే గుణం ఉంది కాబట్టి తెల్లారిపోతుంది, పది పేజీలు మిగిలిపోతాయి. ముందుమాట చివర్లో చదువు, మనవాళ్లు అందులో కథంతా చెప్పేస్తారు. యూట్యూబ్‌లో సారాంశం అసలొద్దు. యంగ్ అడల్ట్ నవల రెండు అధ్యాయాలకు పట్టకపోతే వదిలెయ్, వాటిలో ఒకే అచ్చులో పోసినవి చాలా ఉన్నాయి. కష్టమైనదానికి మాత్రం అరవై పేజీలు టైమివ్వు.

ఈ యంగ్ అడల్ట్ నవలలు పదహారేళ్ల మనిషి పక్కనే నిలబడతాయి, ఆ మనిషి నలభైకి ఏమవుతుందో చాలావరకు చెప్పవు. అది తెలియాలంటే పెద్ద నవలకే వెళ్లాలి. బుచ్చిబాబు గారి నవల చివరకు మిగిలేది విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర కొన్నాను. తల్లి గురించి లోకం అనుకునే మాట దయానిధిని జీవితమంతా ఎలా వెంటాడిందో, మీ తాతయ్య పోయిన ఏడాది చదివినప్పుడు గానీ నాకు ఒంటికి పట్టలేదు. ఇరవైలో చదివి, అర్థమైపోయింది అనుకున్నదాన్ని. ఆ కాపీలో ఎవరో నాకంటే ముందు పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసుకుంటూ వచ్చారు, ముప్పై ఎనిమిదో పేజీలో ఒక వాక్యం సగం దాకా గీసి ఆపేశారు, పేజీ మూల మడత అలాగే ఉంది. అక్కడికొచ్చినప్పుడల్లా ఆ మనిషి మళ్లీ ఎందుకు తెరవలేదా అని మనసు కలుక్కుమంటుంది.

జనవరిలో పుస్తకాల పండగకి రా, నాలుగు రోజులు ఉండేలా రా. ఆ కాపీ నీకిస్తాను. పెన్సిల్ కూడా పెట్టుకో, ఆ సగం వాక్యం దగ్గర్నుంచి నువ్వు గీద్దువుగాని.

మీ పెద్దమ్మ