పాత పెన్సిలు గీతల సంగతి

మన మనసును మనం అర్థం చేసుకోవడానికి పుస్తకాలు చదవడం మేలా, రోజూ కాసేపు కూర్చుని ఆత్మపరిశీలన చేసుకోవడం మేలా అని మీరు అడిగారు. ఈ రెండింటినీ విడదీయడమే నాకు సరిగా తోచలేదు. ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటే మనసు తన తరఫున తానే వకాల్తా పుచ్చుకుంటుంది. డైరీ కూడా అంతే. నేను పన్నెండేళ్లు డైరీ రాశాను. ఇప్పుడు తిరగేస్తే అందులో తప్పు చేసినవాళ్లందరూ ఇతరులే, నేనేమో అన్నిటినీ ఓర్చుకున్న మనిషిని. నా గుట్టు నాకు తెలిసింది ఎప్పుడో నేనే గీసి మరిచిపోయిన పెన్సిలు గీతల వల్ల.

1994లో నాకు ఇరవై నాలుగేళ్లు. టంగుటూరులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర పద్దులు రాసేవాణ్ణి. వేలాలు జరిగినన్నాళ్లూ బేళ్ల తూకాలతో, ధరలతో తల తిరిగిపోయేది. అవి ముగిశాక పని పలచబడి, సాయంత్రాలు గ్రంథాలయంలో గడిచేవి. అలా ఒకనాడు త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇంటికి తెచ్చుకున్నాను. తెలుగులో మనోవైజ్ఞానిక నవల అనగానే ముందుగా చెప్పుకునే పుస్తకం అది. వంశప్రతిష్ఠ పేరుతో ఆస్తి కరగదీసుకునే సీతారామారావు అందులో కథానాయకుడు. మా నాన్నగారు అప్పటికే రెండెకరాలు అమ్మేశారు. ఒకటి బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) కట్టిన అప్పు కింద పోయింది, రెండోది మా పెద్దక్క పెళ్లిలో ఊరందరికీ మూడు పూటలా భోజనాలు పెట్టినందుకు పోయింది. ఆ కోపమంతా చేతిలో ఉండగా నవల చదివాను. డాబు, దుబారా, పేరు అన్న మాటలు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసి, ఒక పేజీ అంచున ‘నాన్న’ అని కూడా రాశాను. గ్రంథాలయ పుస్తకం మీద రాయకూడదని తెలియక కాదు. అప్పటికి నా కోపమే నాకు న్యాయంగా కనిపించింది.

మళ్లీ ఆ గ్రంథాలయ ప్రతే నా చేతికి వచ్చింది 2019లో. నాన్నగారు పోయి అప్పటికి పదకొండేళ్లు. గీతలు చూసి, ఎవరో తెలివి తక్కువ మనిషి పుస్తకం పాడు చేశాడని మొదట విసుక్కున్నాను. అంచున ఉన్న మాట కనబడగానే చెయ్యి ఆగిపోయింది. తలకట్టును అక్షరానికి తగలనీయకుండా, గాలికి లేచిపోతున్నట్టు పైన పెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. దానికి బడిలో దెబ్బలు కూడా తిన్నాను. ఆ ‘న్న’ మీద తలకట్టు అచ్చంగా అలాగే ఉంది. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూస్తే, వెలిసిపోయిన ఊదా రంగు ముద్రల్లో 94 కూడా ఉంది.

ఆ రాత్రి నవల మొత్తం మళ్లీ చదివాను. ఈసారి నేను చూసింది నాడు గీత పడని పుటలను. సీతారామారావు తనలో తాను వాదించుకుంటూ, తన ప్రతి పనికీ ఒక సమర్థన వెదుక్కుంటూ కూర్చునే పుటల్లో ఒక్క గీతా లేదు. అవి నాకు విసుగు పుట్టించి ఉంటాయని, గబగబా తిప్పేసి ఉంటానని అనుకుంటున్నాను. సరిగ్గా అంతకు ముందు సంవత్సరమే, మా ఆవిడ వద్దు వద్దంటున్నా వినకుండా, రెండు చీటీలు పాడి ఒంగోలులో పెద్ద కల్యాణ మండపం తీసుకుని మా అమ్మాయి పెళ్లి చేశాను. దానికి నేను చెప్పుకున్న సమర్థనలన్నీ ఆ గీత పడని పుటల్లోనే ఉన్నాయి.

అందుచేత నా మాట ఇది: కొత్త పుస్తకాలు పది చదవడం కన్నా, పదేళ్ల కిందట మీకు నచ్చిన పుస్తకాన్ని, వీలైతే అదే ప్రతిని, మళ్లీ తెరవండి. దేనికి ఉప్పొంగిపోయారో, ఎక్కడ గబగబా పేజీలు తిప్పారో చూడండి. ఒక కాలపు మనసును చూడాలన్నా ఇదే పద్ధతి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. వాటిలో సంపాదకీయాల కన్నా ప్రకటనలు చదివితేనే ఆ కాలపు మనుషులు దేనికి మురిసిపోయారో, దేనికి భయపడ్డారో తెలుస్తుంది. సంపాదకీయం పదిమంది కోసం ఆలోచించి రాసినది, మన డైరీ లాగా.

పుస్తకసారాన్ని పది నిమిషాల్లో వినిపించే యాప్‌ల గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. వేరొకరు నమిలి ఇచ్చిన దానిలో మీరు దాటవేసిన పేజీ అంటూ ఉండదు కదా, ఇక మీ మనసు మీకు ఎక్కడ దొరుకుతుంది? గ్రంథాలయాలకు వెళ్దామంటే, చాలాచోట్ల నవలల బీరువాలకు తాళాలు వేసి ఉంటున్నాయి. బల్లల నిండా పోటీ పరీక్షల గైడ్లే. ఆ పిల్లల అవసరాన్ని నేను కాదనను. కాని ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టే మనిషి నవల కావాలని అడిగితే తాళం చెవి కోసం అరగంట వెదకడం ఏమి మర్యాద?

పుస్తకం తిరిగి ఇచ్చే ముందు అంచున రాసిన ఆ ఒక్క మాటనైనా చెరిపేయాలని రబ్బరు పెట్టి రుద్దాను. కాగితం పాతబడి ఉండడంతో అంచు కాస్త చిరిగింది. లైబ్రేరియన్ గారు పేజీలు తిప్పి చూసి, ఇదేమిటని అడిగారు. చిరుగు నా వల్లే అయిందని ఒప్పుకుని జరిమానా కట్టాను. గీతల సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.