‘ఇదిగో ఇక్కడే’ అంటే ఎక్కడ?

చిన్నీ,

కొత్తపట్నంలో పెద్దవాళ్లతో కాలవ గట్టు మీద నడుస్తూ ఇంటర్వ్యూలు చేస్తావని మీ నాన్న చెప్పాడు. అప్పట్నుంచి ఒక పక్క గర్వం, ఇంకో పక్క టెన్షన్. నువ్వు పంపిన పరిశోధన పేపర్ చదివాను, కూసెన్‌బాఖ్ అనే ఆవిడ 2003లో రాసింది. మనుషులు రోజూ తిరిగే దారిలోనే వాళ్ల వెంట తిరగమంటుంది. బాగానే ఉంది గానీ, లాస్ ఏంజెల్స్‌లో తిరిగిన ఆవిడకి మన రోహిణీకార్తె ఏం తెలుసు?

పొద్దున ఆరుకి బయలుదేరు, తొమ్మిదికల్లా వాళ్లని నీడకి చేర్చు. మంచినీళ్లు ఇద్దరికీ సరిపడా పెట్టుకో. రికార్డు చేయొచ్చా అని ముందే అడుగు, వద్దంటే ఫోన్ బ్యాగులో పెట్టెయ్.

ఇక నా సంగతి విను. సర్వేలకి తిరిగే రోజుల్లో ఒక తాత దొరికాడు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సాగే 420 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలవలో ఉప్పూ కట్టెలూ వేసుకుని మద్రాసుకి పడవ నడిపినాయన. నేనేమో మ్యాప్ మీద గీత గీసుకుని పోయాను. ఒకచోట ఆయన గట్టు దిగి చిల్లచెట్లలోకి తిరగబోతే, "అటు తర్వాత పోదాం తాతా, ముందు పడవలు లాగే రేవు చూపించు" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పాపం, వచ్చాడు. అక్కణ్ణుంచి అడిగినదానికి జవాబు, అంతే.

రాత్రి క్యాసెట్ వేసుకుని వింటే "ఇదిగో, ఇక్కడే", "అదిగో ఆ మూల", "దీని కిందే మా అన్న...", ఆ తర్వాత గాలి. ఏది ఇక్కడ? ఏ మూల? ఆయన చేత్తో చూపించాడు, నేను తలూపాను, పుస్తకంలో ఒక్క గుర్తు రాసుకోలేదు. మళ్లీ వెళ్లేసరికి సంక్రాంతి దాటింది, ఆయన లేడు. చిల్లచెట్ల వైపు ఏముందని కోడల్ని అడిగితే, "రోజూ అటే పోయేవాడమ్మా, ఎందుకని మేమెప్పుడూ అడగలేదు" అంది.

అందుకే, వాళ్లు "ఇక్కడ" అన్నప్పుడల్లా నువ్వు పైకి అను, "ఈ రావిచెట్టు దగ్గరా తాతా?" అని. ఫోటో తీసి లొకేషన్ పెట్టుకో. ఏదైనా వీధి తప్పించి చుట్టుదారిన పోతుంటే "ఇటు దగ్గర కదా" అని నోరు జారకు, వెంట పో. ఎందుకో తీరిగ్గా వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాక అడగొచ్చు. దారిలో నలుగురు చేరారంటే మాట మారిపోతుంది, ఆ రోజుకి ఊరి కబుర్లు చెప్పుకుని వచ్చెయ్.

కాలవ అంచుకి మాత్రం పోవద్దు తల్లీ. బీచ్‌లో మోకాలిలోతు నీళ్లకే నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చినదానివి, ఇప్పటికీ ఈత రాదు. బూట్లు వేసుకో, చిల్లముల్లు రబ్బరు చెప్పులోంచి దిగుతుంది. ఎవరైనా ఆ చెట్లవైపు తిరిగితే నువ్వూ తిరుగు. అక్కడ ఏముందో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త